ల్యాప్‌టాప్ ముందు పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ వస్తువు మొరాయించినా దాని గురించి ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట రాసిపెట్టే ఉంటారని, ఓపిగ్గా వెతికి చదివితే బాగుపడనిదంటూ ఉండదని. ఆ నమ్మకంతో ఎన్ని ఆదివారాలు కరిగిపోయాయో చెప్పలేను గానీ, వాటిలో ఒక్క ఆదివారం మాత్రం ఇప్పటికీ మనసులో కలుక్కుమంటూనే ఉంటుంది. అప్పటికి నాకు ఉద్యోగం కొత్త. నారాయణగూడలో ఒక మిఠాయి దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు (ఇంటికొచ్చాక చొక్కా నిండా నేతి వాసన, నేను పని చేస్తున్నది సాఫ్ట్‌వేరులోనేనా అని అమ్మకు అనుమానం). అక్కడ చేరిన కొత్తలోనే నాకు లైనక్స్ పిచ్చి అంటుకుంది. అందరి కంప్యూటర్లలో ఉండే విండోస్ పీకేసి దీన్ని వేసుకుంటే యంత్రం మన మాట వింటుందని, లేకపోతే మనమే దాని మాట వినాల్సి వస్తుందని ఆఫీసులో పెద్దవాళ్ళు చెప్పారు. కొత్తగా మాల వేసుకున్నవాడికి ఉండే నిష్ఠ నాకు వచ్చేసింది. కనిపించినవాడికల్లా బోధించేవాణ్ణి. చిక్కడపల్లి మార్కెట్ సందులో మాకు పాలు పోసే ఆయనకు కూడా ఒక పొద్దున బోధించాను. ఆయన ఓపిగ్గా విని, రేపు సగం లీటరు ఎక్కువ కావాలా అని అడిగాడు.

సొంత ల్యాప్‌టాప్ కొనుక్కున్న రోజే అందులో ఉన్నదంతా తుడిచేసి లైనక్స్ వేశాను. మూత మీద లైనక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ అతికించాను. బాపు, అంటే మా నాన్న, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ బాతు ఎందుకురా అన్నాడు. అంతా బాగానే పనిచేసింది. పాటలు వచ్చాయి, ఇంటర్నెట్ వచ్చింది. ఒక్క తెర వెలుతురు మాత్రం నా చేతికి చిక్కలేదు. దాని ఇష్టమొచ్చినప్పుడు కళ్ళు చెదిరేలా వెలిగేది, ఇష్టం లేనప్పుడు నూనె అయిపోయిన దీపంలా మసకబారేది. మీట నొక్కి పెంచితే కాసేపు నిలిచి, నేనటు తిరగ్గానే తగ్గేది. వింతేమిటంటే ఆఫీసుకు పట్టుకెళ్తే బుద్ధిగా ఉండేది. అక్కడెవరికి చూపించబోయినా నిలకడగా వెలుగుతూ నన్ను అబద్ధాలకోరును చేసేది. ఇంటికి రాగానే మళ్ళీ మొదలు. అమ్మ మాత్రం మన సందులో వోల్టేజీ మంచిగుండదు, ఫ్రిజ్ గూడ గట్లనే చేస్తది అని దాని తరఫున వకాల్తా పుచ్చుకుంది. బాపు అంత మెత్తగా చెప్పలేదు. కొత్త వస్తువును విప్పి గెలికితే గిట్లనే అయితది అన్నాడు.

నేను ఊరుకుంటానా. రోజూ ఆఫీసు నుంచి రాగానే పరిశోధన. ఎక్కడెక్కడివాళ్ళో ఇదే బాధ రాసుకున్న పేజీలు వెతికి చదివేవాణ్ణి. ఒకడు కంప్యూటర్ లేచేటప్పుడు ఫలానా మాట చేర్చమన్నాడు, చేర్చాను. అది లేవడమే మానేసింది. ఆ మాట తీసేసరికి ఒక సెలవు రోజు గడిచిపోయింది. ఇంకొకడు ఇంకేదో మార్చమంటే మార్చాను, వెలుతురు అలాగే ఉంది గానీ మాట పోయింది, అంటే స్పీకర్లు మూగబోయాయి. చివరికి నేనే సొంత తెలివితో ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. అది చేసే పని ఒక్కటే. కొన్ని క్షణాలకోసారి లేచి చూసి, వెలుతురు తగ్గి ఉంటే నేను చెప్పినంతకు మళ్ళీ పెంచడం. రోగం ఏమిటో తెలియకుండానే మందు వేశానన్నమాట. అయినా దాన్ని చూసుకుని మురిసిపోయాను. తెర మసకబారడం, నా ప్రోగ్రాము దాన్ని ఎత్తి నిలబెట్టడం, మళ్ళీ మసకబారడం. ఇంట్లో పోలీసు, దొంగ ఆట నడుస్తున్నట్టుండేది, నేను పోలీసు తరఫు.

ఇలా ఉండగా మా మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. ఆయన ఇల్లు అశోక్‌నగర్‌లో. పై గదులన్నీ పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు కిరాయికిచ్చి, తాను కింద కూర్చుని లోకంలోని పెళ్ళిళ్ళన్నీ కుదుర్చుతుండేవాడు. ఎవరితో మాట్లాడినా ఫోను స్పీకర్‌లో పెట్టే మాట్లాడతాడు గనక మా ఇంట్లో ఆయన పేరు స్పీకర్ మామ. అమ్మాయివాళ్ళది నల్లకుంట. అమ్మాయి పుణెలో బ్యాంకు ఉద్యోగం. పెద్దవాళ్ళు రెండుసార్లు కలుసుకున్నారు, జాతకాలు కుదిరాయి, ఫొటోలు మారాయి. నేను ఆమెతో ఒకసారి ఫోనులో మాట్లాడాను కూడా. మామ పక్కనుండగా కాదు, ఆఫీసు మెట్ల మీద కూర్చుని. కొంచెం సేపే. పుణెలో ఎలా ఉందండి అని అడిగాను, అంతకన్నా తెలివైన ప్రశ్న తోచలేదు. అంతా మంచిగనే ఉంది, పప్పుల గూడ చక్కెరేస్తరు, అదొక్కటే పరేషాన్ అని నవ్వింది. ఆ నవ్వు చాలా సాదాగా ఉంది. ఫోను పెట్టేసి నేను మెట్ల మీద అలాగే ఉండిపోయాను. కింద దుకాణంలో జిలేబీ వేస్తున్న చప్పుడు వినబడుతూ ఉంది. ఈమె అయితే బాగుండు అనిపించింది. నా జీవితంలో అంత స్పష్టంగా ఏదన్నా అనిపించడం అదే మొదలు.

ఆమెకు సెలవు దొరకలేదు. అందుకని ఒక ఆదివారం పొద్దున వీడియోలో మాట్లాడుకుంటే సరి, నచ్చితే తర్వాత వచ్చి చూసుకోవచ్చని పెద్దలు అనుకున్నారు. ఫోనులనే మాట్లాడొచ్చు గదరా అని అమ్మ అంది. మామ కూడా తన ఫోను ఇస్తానన్నాడు. నేను ససేమిరా అన్నాను. అంత చిన్న అద్దంలో ఏం కనిపిస్తుంది, నా ల్యాప్‌టాప్ అయితే మనిషి నిండుగా కనిపిస్తుందని నా వాదన. లోపలి మాట వేరే. లైనక్స్ వాడే కుర్రాణ్ణని ఆమెకు తెలియాలి (ఎలా తెలుస్తుందని అడక్కండి, నా మూత మీది బాతు ఆమెకు కనబడదని కూడా నాకు తట్టలేదు). ఆ రోజు కోసం ప్రత్యేకంగా, నా ప్రోగ్రాములో వెలుతురును పూర్తిగా, అంటే ఇక పైకి పోలేనంతగా పెట్టాను. ఆమె ముఖం బాగా కనిపించాలి కదా. కిటికీ తలుపులు బార్లా తెరిచి, కిటికీకి వీపు పెట్టి కుర్చీ వేసుకున్నాను. ఇస్త్రీ చొక్కా. కింద మాత్రం లుంగీయే. అమ్మ తలుపు అవతల నిలబడింది. బాపు ముందు గదిలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు.

ఆమె తెర మీదికి వచ్చింది. లేత రంగు చీర, వెనక తెల్లటి గోడ. నమస్తే అండి అంది. నమస్తే అన్నాను. కాసేపు బాగానే నడిచింది. మీ ముఖం జర చీకటిగ కనబడ్తుందండి అని ఆమె అంటే, కిటికీ వెనకుంది కదా అని నవ్వి, ఆమెను ఇంకాస్త బాగా చూద్దామని ముందుకు వంగాను. తెర మసకబారింది. ఆమె ముఖం సాయంత్రం పొద్దుగూకినట్టు నీడలోకి పోయింది. కనబడక ఇంకా వంగాను. ఇంకా చీకటైంది. ఈలోగా నా ప్రోగ్రాము లేచి, ఏమైందిక్కడ అన్నట్టు తెరను ఒక్కసారి భగ్గున వెలిగించింది. నేను వెనక్కి జరిగాను. సర్దుకుంది. మళ్ళీ మాటల్లో పడి వంగాను, మళ్ళీ అదే తంతు. ఆమె చెబుతూనే ఉంది, వింటూనే ఉన్నాను, కానీ నా వేళ్ళు మీటల మీద, నా చూపు తెర మూలన ఉన్న వెలుతురు గుర్తు మీద. ఆమెకు అవతల ఏం కనబడి ఉంటుందో తర్వాత ఎన్నోసార్లు ఊహించుకున్నాను. చీకటి ముఖంతో ఒకడు ముందుకూ వెనక్కూ ఊగుతూ, తన వైపు చూడకుండా, ఏదో టైపు చేసుకుంటున్నాడు.

అప్పుడామె గొంతు తగ్గించింది. మీకు మా నాన్న చెప్పిండో లేదో నాకు తెల్వదండి అని మొదలుపెట్టింది. అంతకు ముందు సంవత్సరం తనకు ఒక సంబంధం ఖాయమైందని, నిశ్చితార్థం కూడా అయిందని, పెళ్ళిపత్రికలు పంచబోయే ముందు అవతలివాళ్ళు వద్దన్నారని, ఎందుకో ఇప్పటికీ సరిగా చెప్పలేదని, తాను మాత్రం ఎవరితో మాట్లాడినా ఈ సంగతి తానే ముందు చెప్పాలనుకుందని, ఒక్కొక్క మాటా తూచినట్టు చెప్పింది. ఆ మాటలు నాకు బాగా వినిపించాయి. అవి చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూడాలనిపించింది. అందుకే వంగాను. తెర దాదాపు నల్లబడింది. ఆ చీకట్లోంచి ఆమె అడిగింది.

"దీనివల్ల మీకేమన్నా ఇబ్బందా అండి?"

సరిగ్గా అప్పుడే నా ప్రోగ్రాము లేచింది. ముక్కు ఆనించేంత దగ్గరగా ఉన్న నా కళ్ళలోకి తెర మొత్తం వెలుతురు గుమ్మరించింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ముఖం చిట్లించుకుని, తల పక్కకు తిప్పేశాను. నోట్లోంచి అబ్బా అని కూడా వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి ఆమె నన్నే చూస్తోంది. తెర ఇప్పుడు ఎంతో నిలకడగా, ఎంతో స్పష్టంగా ఉంది. "పర్వాలేదండి," అంది నెమ్మదిగా. "అర్థమైంది." నేను అయ్యో అది కాదండి, లైటు, లైటు అన్నాను. ఆమె తలూపింది, మర్యాదగా ఇంకో మాట ఏదో అడిగింది, అమ్మగారికి నమస్తే చెప్పమంది. తెర మీద నుంచి వెళ్ళిపోయింది. తలుపు అవతలి నుంచి అమ్మ వచ్చి ఎట్లుందిరా అంది. బాగానే మాట్లాడిందమ్మా, మధ్యలో బ్రైట్‌నెస్ సతాయించింది అన్నాను. అప్పటికీ నాకు జరిగినదాని బరువు తెలియలేదు. తెర సంగతి తేల్చాలన్న పట్టుదల మాత్రం వచ్చింది.

భోజనాలయ్యాక అమ్మ, ఆ పిల్ల ఫొటో ఒకసారి చూపించురా, సరిగ్గ చూడనేలేదు అంది. ల్యాప్‌టాప్‌లో తీసి, నా ప్రోగ్రామును ఆపేసి, పొద్దున్న కూర్చున్నచోటే పెట్టాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. తెర మసకబారింది. ఏందిరా, నన్ను చూసి సిగ్గు పడ్తుందా పిల్ల అని వెనక్కి జరిగింది. వెలిగింది. అమ్మా, మళ్ళా వంగు అన్నాను. వంగింది. మసక. వెనక్కి జరుగు. వెలుగు. అలా అమ్మను కుర్చీ ముందు నిలబెట్టి నమాజుకు వంగినట్టు వంగదీస్తూనే ఉన్నాను. నడుము పట్టుకుంటదిరా అని అరిచేదాకా ఆపలేదు. తెర పైన, కెమెరా పక్కన చిన్న చుక్క ఒకటి ఉంది. గదిలో వెలుతురు ఎంతుందో చూసి, దాన్నిబట్టి తెరను పెంచే, తగ్గించే కన్ను అది. నేనది ఏదో మచ్చ అనుకుని వదిలేశాను. పగలు కిటికీ, రాత్రి బల్బు, రెండూ నా వెనకే ఉంటాయి గనక, నేను వంగితే నా తల నీడే దాని మీద పడేది, చీకటైందనుకుని అది తెరను తగ్గించేది. ఆఫీసులో అన్ని వైపులా ట్యూబులైట్లు, అందుకే అక్కడ బుద్ధిమంతురాలు. సెట్టింగుల్లోకి వెళ్తే, దీన్ని ఆపడానికి ఒక చిన్న మీట ఎప్పటి నుంచో అక్కడే ఉంది. ఒక్కసారి నొక్కాను. అయిపోయింది. అన్ని వారాల పోరాటం, ఆ పేజీలు, ఆ ప్రోగ్రాము, అంతా ఒక్క నొక్కుతో. ఆ మధ్యాహ్నం నేను పడ్డ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. ఇంట్లో ఎగిరి గంతేశాను.

చీకటి పడకముందే మామ వచ్చాడు. ఆ రోజు ఫోను జేబులోంచి తీయలేదు, అందుకే సంగతి బాగాలేదని అమ్మకు ముందే తెలిసిపోయింది. అమ్మాయి నాన్న మాట్లాడాడట. పిల్లవాడు మంచివాడే గానీ, పాత సంబంధం సంగతి చెప్పగానే ముఖం మాడ్చుకుని పక్కకు తిప్పుకున్నాడని, అసలు మొదటి నుంచీ మనసు పెట్టి వినలేదని, బిడ్డ బాధ పడుతున్నదని అన్నాడట. అమ్మ విస్తుపోయింది. నిశ్చితార్థం అయినంక తప్పిపోతే ఏమైంది, దాంట్ల పిల్ల తప్పేముంది, మనమేమన్నా అన్నమా అని మామ మీదే గయ్యిమంది. మామ నా వైపు తిరిగాడు. నేను ల్యాప్‌టాప్ తెచ్చి, తల వంచి, ఎత్తి, తెర ఎలా మసకబారేదో ఆయనకు చూపించబోయాను. అది మసకబారలేదు. మధ్యాహ్నమే బాగుచేశాను కదా. మామ నన్నూ, వెలిగిపోతున్న ఆ తెరనూ కాసేపు చూసి, సరే నేను చెప్పి చూస్తా తియ్ అన్నాడు. ఆయన గొంతులో నమ్మకం లేదు.

మరుసటి రోజు నేనే ఆమెకు ఫోను చేశాను. ఆఫీసు నుంచి బయటికొచ్చి, నారాయణగూడ చౌరస్తా దాటి, రద్దీ కొంచెం తక్కువగా ఉన్న ఒక గోడ పక్కన నిలబడ్డాను. ఆమె ఫోను ఎత్తింది, అదే నాకు గొప్పగా అనిపించింది. ఇక మొదలుపెట్టాను. కెమెరా పక్కన కన్ను ఉంటుందండి అన్నాను. కిటికీ నా వెనక ఉందన్నాను. నా తల నీడ దాని మీద ఎలా పడేదో, నేను రాసిన ప్రోగ్రాము ఎందుకు రాయాల్సి వచ్చిందో, రెండూ ఒకదానితో ఒకటి ఎలా కొట్లాడుకున్నాయో, ఆ వెలుతురుకు కళ్ళు ఎలా చెదిరాయో పూస గుచ్చినట్టు చెప్పాను. చివరికి సెట్టింగుల్లో ఆ మీట ఎక్కడుందో కూడా చెప్పాను. బస్సులు పోతుంటే గొంతు పెంచి మరీ చెప్పాను. ఆమె మధ్య మధ్య అవునా అంది, ఓహో అంది. ఒకసారి కొంచెం నవ్వింది కూడా, ఆ మెట్ల మీద విన్న నవ్వే. నేను ముగించాక కొద్దిసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం చాలాసేపు ఉన్నట్టు నాకిప్పుడు అనిపిస్తుంది, అప్పుడు సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. హలో అన్నాను.

"వింటున్ననండి," అంది. "లైటు సంగతి మంచిగ చెప్పిన్రు." ఇంకా ఏదో వస్తుందన్నట్టు ఆగింది. తర్వాత, ఉంటానండి మరి, అంది. సరేనండి, ఉంటా, అన్నాను నేను.

ఫోను జేబులో వేసుకుని, అంతా విడమరిచి చెప్పేశానన్న తృప్తితో నడిచాను. ఆఫీసుకు పోకుండా ఇంటి దారి పట్టాను. చిక్కడపల్లి మార్కెట్ దాకా వచ్చాక, కొత్తిమీర కట్టలు తడుపుతున్న ఒకామె, అన్న జర పక్కకు జరుగు, నీళ్ళు పడతయి అంది. జరిగి నిలబడ్డాను. అప్పుడు తట్టింది. నిన్న ఆ అమ్మాయి నన్ను ఒక్క ప్రశ్న అడిగింది. మీకేమన్నా ఇబ్బందా అని. అంతసేపు మాట్లాడి, దానికి మాత్రం జవాబు చెప్పలేదు. నాకే ఇబ్బందీ లేదండి, మీరంటే నాకు ఇష్టం. ఎంత చిన్న మాట. ఆ గోడ పక్కన బస్సుల మోతలో కూడా వినిపించేది. ఆమె ఆగింది దానికోసమే.

ఫోను తీశాను. మళ్ళీ చేస్తే బాగుంటుందా, ఇప్పుడే కదా మాట్లాడింది, ఆఫీసులో ఉంటుందేమో అనుకున్నాను. సాయంత్రం చేద్దామనుకున్నాను. సాయంత్రం, మామతో చెప్పిస్తే మర్యాదగా ఉంటుందనిపించింది. మామ, రేపు మంచి రోజు కాదు, ఎల్లుండి మాట్లాడతా అన్నాడు. ఆ ఎల్లుండి రాకముందే నల్లకుంట నుంచి కబురొచ్చింది. జాతకాలు ఇంకోచోట చూపించారట, కుదరలేదట. మామ ఆ మాట చెప్పి, వాళ్ళు మర్యాదస్తులు, గందుకే జాతకం మీదికి తోసిన్రు అన్నాడు. కొన్నాళ్ళకు ఆమెకు పుణెలోనే, తన బ్యాంకులోనే పని చేసే అతనితో పెళ్ళి కుదిరిందని తెలిసింది. మంచివాడట. ఆమె నిశ్చితార్థం తప్పిపోయిన సంగతి విని, అట్లనా, నేను గూడ ఇంటర్ల ఒకసారి ఫెయిలైన, అన్నాడట నవ్వుతూ. ఇది మామ ఎక్కడి నుంచి తెచ్చాడో తెలియదు. నిజమే అయ్యుండాలని అనుకుంటాను.

కబురొచ్చిన రోజు నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను, పనేమీ లేదు, ఊరికే. బాపు వచ్చి పక్కన మంచం మీద కూర్చున్నాడు. నా వ్యవహారాల్లో ఎప్పుడూ తలదూర్చే మనిషి కాదు.

"పిల్ల నీకు నచ్చిందారా?" అన్నాడు.

నచ్చింది బాపు అన్నాను. అంతమంది ఇన్ని రోజులు ఇంత మాట్లాడుకున్నా, ఆ మాట నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు.

"మరి ఆమెకు చెప్పినవా?"

తల అడ్డంగా ఊపాను. బాపు, చాయ్ తాగుదాం రా అని లేచాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నాకూ పెళ్ళయింది, మా ఆవిడ ఎదురుగా కూర్చుని చూసి, తన నోటితోనే అడిగి, నా నోటితోనే చెప్పించుకుని మరీ చేసుకుంది. సుఖంగానే ఉన్నాను. అయినా అప్పుడప్పుడు నల్లకుంట వైపు వెళ్ళాల్సి వస్తే ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, కళ్ళు మీటల మీద. వాడిని తిట్టబుద్ధి కాదు. పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసి, నాయనా, తెర ఎట్లన్నా ఏడవనీ, ముందు ఆమె అడిగినదానికి జవాబు చెప్పు అనాలనిపిస్తుంది. వాడు వినడు, నాకు తెలుసు. తల కూడా తిప్పకుండా, ఒక్క నిమిషం అన్నా, అయిపోవచ్చింది, అంటాడు.